పచ్చ వైరు

2003 మే 12, సోమవారం, మధ్యాహ్నం రెండూ నలభై. మేడ్చల్ బస్టాండులో కూర్చున్నాను. డాబా మీది సోలార్ పలకను ఇంటి కరెంటుకు కలపడానికి కొన్న ఎర్ర వైరు, నల్ల వైరు నా ఒళ్ళో ఉన్నాయి. పక్కనున్న ముసలాయన వాటినే చూశాడు.

“పచ్చ వైరేదమ్మా?”

“షాపులో రెండు చాలన్నారు.”

“గా రెండు దీపానికి. పచ్చది పలక కింది ఇనుప స్టాండు నుంచి భూమిలకు, మనిషి కోసం. మేం పెట్టలే. మా ఇంటామె స్టాండుకే దండెం కట్టి తడిబట్టలు ఆరేసింది. కరెంటు గుంజింది, దక్కలే.”

“మీరు కరెంటు పనివారా?”

“గప్పుడు కాదమ్మా. ఇగ అన్నీ తెలుసు.”

శామీర్‌పేట బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను పద్నాలుగు మీటర్ల పచ్చ వైరు కొని వేయించాను.

ఆగస్టు 9న వానకు కరెంటు స్టాండులోకి పాకింది. అప్పుడు నా చెయ్యి దాని మీదే ఉంది; కరెంటు పచ్చ వైరు పట్టుకొని భూమిలోకి దిగిపోయింది. ఆ సంగతి బస్టాండు ముసలాయనకు చెప్పుకుందామంటే పేరైనా అడగలేదు.

పోయినవి: ఫ్యూజు ఒకటి, బల్బులు రెండు. ఇంట్లో మనిషిని నేనొక్కదాన్నే, మిగిలే ఉన్నాను.