యాయో అన్నది ఎవరు

కంపెనీ వాళ్ళు ఇచ్చిన టోపీలు రెండూ ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. తెల్ల టోపీలు, ముందు సిమెంటు బస్తా బొమ్మ. ఎండ ముదిరితే మా ఆయన ఒకటి పెట్టుకుని గోడౌను తలుపు దగ్గర నిలబడతాడు. రెండోదాన్ని నేను పొయ్యి మీది గిన్నె దించడానికి మసిగుడ్డ చేశాను. థాయ్‌లాండ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుంది అంటాను. బాగానే ఉంది. ఆ దేశం తప్పేమీ లేదు.

మాది కుంట. బస్తర్ అయిపోయే చోట, శబరి ఒడ్డున ఉంటుంది. సిమెంటు, ఇనుము, పైపుల దుకాణం. దుకాణంలో హిందీ, సంతలో హల్బీ, మెట్ల మీద దోర్లీ, వంటింట్లో తెలుగు. మా ఆయన ఆ దుకాణం వెనక గదిలోనే పుట్టాడు. నేను పుట్టింది భద్రాచలంలో, గోదావరికి నాలుగు వీధుల ఇవతల. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నా భాషను వెక్కిరించేది. "మీ భద్రాచలం తెలుగు ఇక్కడెవరికి కావాలె" అని. ఇరవై ఏళ్ళు దాటాక నా నోట్లో కూర కాస్తా సబ్జీ అయింది, గ్లాసు గిలాస్ అయింది. ఎక్కడుంటే అక్కడి మాట అంటుకుంటుంది, అందులో సిగ్గు పడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

కథలో ఇంకొకామె ఉంది, ఆమె సంగతి ముందే చెప్పాలి. దగ్గరి పల్లె ఎర్రబోరు ఆమె, దోర్లవాళ్ళ మనిషి, అంటే కోయల్లోనే ఒక తెగ. మా ఆయన పుట్టినప్పుడు అత్తగారికి జ్వరం పట్టి పాలు పడలేదట. అప్పుడు మా ఇంట్లో వడ్లు చెరగడానికి వచ్చే ఈమె, తన బిడ్డకు ఒక పక్క, ఈయనకు ఒక పక్క పాలిచ్చింది. నడక వచ్చేదాకా ఈయన ఆమె చంక దిగలేదు. అమ్మను వాళ్ళ భాషలో పిలిచినట్టే ఆమెను యాయో అని పిలిచేవాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పెద్దయ్యాక ఆ పిలుపు పోయి, గిరాకీల ముందు "ఓ ముసలమ్మా" అయింది. సంతరోజు ఆమె వస్తే మెట్ల మీద కూర్చుంటుంది. ఆమె చాయ్ తాగే గ్లాసు కిటికీ గూట్లో వేరే ఉంటుంది. ఆకు పొట్లంలో చాపడా, అంటే ఎర్రచీమల పచ్చడి, తెస్తుంది. ఆయన దాన్ని గోడౌను వెనక్కి తీసుకెళ్ళి ఎవరూ చూడకుండా నాకి నాకి తింటాడు. నాకెప్పుడూ పెట్టలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏడు సిమెంటు బాగా అమ్ముడుపోయింది. కంపెనీ వాళ్ళు డీలర్లను భార్యలతో సహా థాయ్‌లాండ్ తీసుకెళ్తామన్నారు. పెళ్ళయ్యాక నేను చిత్రకోట్ జలపాతమైనా చూసిన దాన్ని కాదు. అడిగినప్పుడల్లా షాపు ఎవరు చూస్తారనేవాడు. అలాంటి మనిషి ఏకంగా విదేశం అనేసరికి నేను పొంగిపోయాను, ఇప్పుడు అబద్ధమెందుకు. వెళ్ళే ముందు సంతరోజు ముసలామె వచ్చి విషయం విని, "మా పిలగాడికి ఎత్తంటే బయ్యం. ఎత్తు మీదికి ఎక్కనియ్యకు బిడ్డా" అని నాకు అప్పజెప్పింది. ఆయన బిల్లు రాసుకుంటూ విననట్టే ఉన్నాడు.

హైదరాబాద్ విమానాశ్రయంలో అందరం కలిశాం. బెజవాడ నుంచి ఒక డీలరు, ఆయన భార్య మాకు జత పడ్డారు. ఏ ఊరండీ అని ఆ బెజవాడాయన అడిగాడు. మా ఆయన రెప్ప వేయకుండా "భద్రాచలం" అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. తర్వాత పక్కకు పిలిచి చెప్పాడు, కుంట అంటే వీళ్ళు వెంటనే తుపాకుల గురించి అడుగుతారని, టూరంతా అదే సొద అవుతుందని. అదీ నిజమేలే అనుకున్నాను. మా వాళ్ళు బయట ఊళ్ళలో పడే అవస్థ అది. ఊరి పేరు చెప్పగానే ఎదుటి మనిషి అర అడుగు వెనక్కి జరుగుతాడు.

కానీ అబద్ధం ఒక్కటే ఆడి ఊరుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. థాయ్‌లాండ్‌లో ఒక కొండల ఊరు చేరిన మర్నాడు హోటల్లో పొద్దుటి టిఫిను దగ్గర నేను మాట జారాను. ఈ సబ్జీలో ఉప్పు లేదు అన్నాను. బెజవాడావిడ చెంచా ఆపి, "సబ్జీ అంటున్నారేంటండీ, మీరు మార్వాడీలా?" అంది. ఎగతాళి కాదు, ఉత్త ఆరా. నేను నోరు తెరిచే లోపల మా ఆయన నవ్వుతూ అందుకున్నాడు. "ఆమెది అటు కుంట వైపు లెండి, బస్తర్ అడవి. చేసుకుని తెచ్చుకున్న గానీ భాష మారలే."

ఆయన తప్ప ఆ బల్ల దగ్గర ఆ అబద్ధం తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. నా గోదావరి, మా నాన్న వీధి, నేను చదివిన బడి అన్నీ ఆ ముక్కతో ఆయన తన పేర రాయించుకున్నాడు. ఆయన ఊరు నాకు అంటగట్టాడు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టని వినడమే, తెప్పను పెళ్ళాం నెత్తిన పెట్టి దాటినవాణ్ణి అప్పుడే చూశాను. గదిలోకి వచ్చాక అడిగితే, "ఏందే, నాలుగు రోజుల ముచ్చట. నువ్వు ఎక్కువ మాట్లాడకు, అంతే" అన్నాడు.

అప్పట్నుంచి ఆ గుంపుకి నేను తమాషా అయ్యాను. మీ దగ్గర కరెంటు ఉందా, బాణం వేయడం వచ్చా, అక్కడి ఆడవాళ్ళు రవికెలు తొడుగుతారా. బెజవాడావిడ మంచిదే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పండు ఒలిచి పెట్టేది. ఆ ప్రేమే ఎక్కువ మండించింది. నేను పొడి పొడిగా జవాబులు చెప్పాను. మాట్లాడితే ఆయన గుట్టు బయట పడుతుందని భయం, మాట్లాడకపోతే నేను నిజంగానే అడవి నుంచి పట్టుకొచ్చిన దాన్నవుతున్నాను. ఆ దేశంలో నేను ఏమేం చూశానో సగం గుర్తు లేదు, ఎన్ని మాటలు మింగానో మాత్రం గుర్తుంది.

మూడో రోజు జిప్‌లైన్ దగ్గరికి తీసుకెళ్ళారు. కొండ మీద ఒక చెట్టు నుంచి లోయ అవతలి చెట్టుకి ఇనుప తాడు కడతారు. నడుముకి పట్టీలు బిగించి, కప్పీకి తగిలించి తోసేస్తారు. ఆడవాళ్ళు ముందన్నారు. నేను వెళ్ళాను. చెప్పులు ఊడిపోతాయేమోనని కాలివేళ్ళు బిగించాను గానీ, కింద వెదురు, దాని కింద వాగు, మొహానికి కొట్టే గాలి. బస్తర్‌లో ఇన్నేళ్ళున్నా అడవిని రోడ్డు మీంచి తప్ప చూడని దాన్ని, అడవి నెత్తిన ఎగిరాను. అవతలి మంచె మీద దిగాక నాకు నవ్వు ఆగలేదు. ఆ టూరులో నాదంటూ నాకు దక్కింది అదొక్కటే.

తర్వాత మగవాళ్ళ వంతు. ముసలామె అప్పజెప్పింది గుర్తొచ్చింది గానీ అప్పటికే ఆయన పట్టీలు కట్టించుకున్నాడు. బెజవాడాయన చూస్తుండగా వద్దనలేకపోయాడు. సగం దూరం బాగానే వచ్చాడు. ఎక్కడ గట్టిగా గుద్దుకుంటానో అనుకున్నాడేమో, పైన తాడు పట్టేసుకున్నాడు. లోయ నట్టనడుమ ఆగిపోయాడు. ముందుకూ లేదు, వెనక్కీ లేదు, కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. కళ్ళు మూసుకుని అరిచాడు.

"యాయో! యాయో!"

అమ్మా అనలేదు. నాయనా అనలేదు. భద్రాచలం వాడి నోట రావాల్సిన రాముడి పేరూ రాలేదు. యాభై దగ్గర పడుతున్న మనిషి, తుమ్మినా హిందీలో తుమ్మే షావుకారు, ఎర్రబోరు ఆడమనిషిని కొండలు దాటేట్టు పిలిచాడు. నా రెండు రోజుల కోపం ఆ కాస్సేపు ఎటు పోయిందో పోయింది. మంచె మీది కుర్రవాళ్ళలో ఒకడు తాడు మీద జారుకుంటూ వెళ్ళి ఆయన్ని లాక్కొచ్చాడు. బెజవాడావిడ నా చెయ్యి పట్టుకుని ఏమని అరుస్తున్నారని అడిగింది. మా వైపు భాషలో అమ్మ అని అర్థమని చెప్పాను. మరి ఆయనకెలా వచ్చిందంది. నా దగ్గర నేర్చుకున్నాడన్నాను. ఆయన్ని కాపాడటానికి నా నోటితో నేనే ఆ అబద్ధానికి ముడి వేశాను. దిగాక ఆయన మొహం పాలిపోయి ఉంది. నీళ్ళ సీసా అందిస్తే నా వేళ్ళు కాసేపు వదల్లేదు. ఈ దెబ్బతో మనిషి తనలోకి తాను వస్తాడనుకున్నాను.

ఆ సాయంత్రమే కంపెనీ వాళ్ళ పెద్ద విందు. కొండ చివర అద్దాల హోటలు, కింద దీపాలు వెలిగే ఊరు. పళ్ళెం బండి చక్రమంత, అందులో తిండి గోరంత. ఒక్కొక్కటే తెచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి మరీ పెడుతున్నారు. పువ్వు ఒకటి, రొయ్య ఒకటి, పొగలో మూసిన గుడ్డు ఒకటి. బాగున్నాయి, ఆకలి మాత్రం తీరలేదు. అప్పుడు పొడుగు తెల్లటోపీ వంటాయన తనే వచ్చి ఒక్కొక్కరి ముందు నల్లరాతి పలక మీద ఒక ముద్ద పెట్టాడు. ఎర్రచీమలు, వాటి గుడ్లు, నిమ్మగడ్డి, పచ్చిమిర్చి. ఈ కొండల వాళ్ళు తరతరాలుగా తినే అపురూపమైన వంట అని కంపెనీ మనిషి తెలుగులో చెప్పాడు. బల్ల చుట్టూ మొహాలు ముడుచుకుపోయాయి.

మా ఆయన ముక్కు అదరడం నేను చూశాను. ఆ పులుపు వాసన ఆయనకు పాలతో పాటు తెలుసు. తింటాడనుకున్నాను. మా దగ్గర కూడా ఉంటుందని ఒక్క ముక్క అంటాడనుకున్నాను. ఆయన తన రాయిని నా ముందుకి తోశాడు.

"మా ఆవిడకి అలవాటే" అన్నాడు అందరితో. "ఆమెను పెంచింది కోయామె. పొద్దున నేను అరిచింది కూడా ఆమె మాటే, ఇంట్లో విని విని నా నోటికి పట్టింది."

అందరూ నవ్వారు. పొద్దున పోయిన పరువు ఆయనకు తిరిగి దక్కింది. ఊరు పోతే పోయింది, భాష పోతే పోయింది. పాలిచ్చిన మనిషిని కూడా సంచిలోంచి బరువు తీసి పక్కన పెట్టినట్టు తీసి నాకిచ్చేశాడు. ఫోన్లు నా వైపు తిరిగాయి. తినండి, తినండి అంటున్నారు. మా ఆయన ఫోను అన్నిటికంటే ముందుంది. నేను తిన్నాను. జన్మలో మొదటిసారి. పుల్లగా, కారంగా, చింతచిగురు నమిలినట్టుంది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారం అనుకున్నారు, చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఏనుగులను చూపించారు, గుళ్ళు చూపించారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

తిరిగొచ్చాక మొదటి సంతరోజు ముసలామె వచ్చింది. మెట్ల మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ ఆ దేశంలో వానలెట్లా ఉన్నాయి, ఏం పండిస్తారు అని అన్నీ అడిగింది. నేను చెప్పగలిగినంత చెప్పాను. దుకాణంలో ఎర్రబోరు పంచాయతీ పనులు కాంట్రాక్టుకు చేసే ఠేకేదారు ఒకడు సరుకు రాయించుకుంటున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"ఎత్తు ఎక్కినాడా బిడ్డా? బయ్యపడ్డాడా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన కలం ఆగింది. ఆమెకు రావాల్సింది ఒకటి నా దగ్గర ఉందనిపించింది. అది దాచుకోబుద్ధి కాలేదు.

"భయపడ్డాడు. యాయో యాయో అని నిన్నే పిలిచాడు" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. మొహం ఒక్కసారి విప్పారింది. ఆయన్ని అలా చూసే హక్కు ఆమెకు ఎన్నేళ్ళ కింద పోయిందో. లేచి ఒక మెట్టు పైకి వచ్చింది. ఠేకేదారు కూడా తలెత్తాడు.

"నేనేంది, పిలిచేదేంది" అన్నాడు మా ఆయన, ఠేకేదారును చూసి నవ్వుతూ. "భయపడి అరిచింది మా ఆవిడే."

ఆమె ఎక్కిన మెట్టు దిగింది. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అంటారు, ఆ మాట ఆమె అనలేదు. నా వైపు తిరిగి, మెల్లగా, పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"నువ్వెట్ల పిలుస్తవు బిడ్డా. నీకు నేను పాలియ్యలే గద."

ఆకు పొట్లం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పొట్లం కోసం ఆయన గోడౌను వెనక నుంచి రెండుసార్లు తొంగిచూశాడు. నేను దాన్ని విప్పి, వంటింట్లో అన్నంలో కలుపుకుని మొత్తం తిన్నాను.

ఆ తర్వాత కూడా ఆమె వస్తూనే ఉంది, కాకపోతే చాపడా నా చేతికే ఇస్తుంది. కిటికీ గూట్లో గ్లాసు తీసి పారేశాను, మా గ్లాసులోనే చాయ్ పోస్తాను. దుకాణం నిండా గిరాకీలున్నా సరే, ఆమె సందు మలుపులో కనపడగానే నేను గట్టిగా పిలుస్తాను, "దా యాయో" అని. ఆయన నాకిచ్చేసిన పిలుపే కదా. ఆయన తల ఎత్తడు, బిల్లు రాసుకుంటూ ఉంటాడు.