ఆవు వెంట పోని పలుపు

పోయిన ఆదివారం మదనపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే, ఒకప్పటి నా విద్యార్థిని ఫోనుకు ఒక వీడియో పంపింది. కుప్పంలో మా అక్కకు ఎవరో సన్మానం చేస్తున్నారు. సొంత అక్క కాదు. కొత్తగా కాలేజీలో లెక్చరరుగా చేరిన రోజుల్లో నాతోపాటు ఒకే గదిలో అద్దెకున్న గుడుపల్లె వైపు ఆవిడ. నాలాగే రసాయనశాస్త్రం చెప్పేది, నాకంటే కాస్త పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని, ఆ పిలుపుకు తగ్గట్టే నమ్మేదాన్ని కూడా. శాలువా కప్పుకుని వేదిక మీద నిలబడ్డ అక్క చేతిలో ఒక పాత నారతాడు ఉంది. చిన్నప్పుడు తన నాయన ఆవును కట్టేస్తుంటే చూసి, ప్రోటీన్లలో ముడి ఎలా పడుతుందో అప్పుడే ఊహించుకున్నానని చెబుతోంది. తాడు కొసన నీలం గుడ్డపీలిక చుట్టి ఉంది. అది కొస పీచు లేవకుండా మా అమ్మ తన పాత చీర చించి చుట్టిన పీలిక. చేట పక్కన పెట్టేసి వీడియోలో ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చూశాను.

మాది పుంగనూరు దగ్గర మెట్టపల్లె. ఇప్పుడు పెద్దపెద్దవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి వెతుక్కుంటున్న పొట్టి ఆవులు ఆ రోజుల్లో మా కొట్టంలో మామూలుగా ఉండేవి, వాటిని ఎవరూ అంత గొప్పగా చూసేవారు కాదు. మా నాయన ఆవును అమ్మినా దాన్ని కట్టేసే తాడును, అంటే పలుపును, ఇచ్చేవాడు కాదు. ఆయనే కాదు, మా వైపు ఎవరూ ఇవ్వరు. ఆవు పోయినా పలుపు ఇంట్లో ఉంటే కొట్టం మళ్లీ నిండుతుందని నమ్మకం. కొనేవాళ్లకూ అది తెలుసు కాబట్టి భుజాన కొత్త తాడు వేసుకునే వచ్చేవారు. బేరం కుదిరాక తమ తాడు ఆవుకు కట్టి, మా పలుపు విప్పి నాయన చేతిలో పెట్టేవారు. పెద్దతనంలో చాకిరీ చేతకాక చివరి ఆవును పలమనేరు వాళ్లకు అమ్మేసిన రోజు, నాయన ఆ పలుపు తెచ్చి నాకిచ్చాడు. చిన్నప్పుడు దీంతో ఆవును కట్టేసింది నువ్వే కదమ్మా, నీ దగ్గరే పెట్టుకో అన్నాడు. ఆ మరుసటేడు ఆయన పోయాడు, ఆయన చేతిది నాకు మిగిలింది అదొక్కటే.

నిజంగానే చిన్నప్పుడు సాయంత్రం పూట ఆవును గూటానికి కట్టేసే పని నాదే. తాడు కొస బారెడు మిగిలేది, దాన్నంతా ఉచ్చులోంచి దూర్చబోయి చేతులకు చుట్టుకుని తిట్టుకునేదాన్ని. ఒకసారి నాయన పాలచెంబు దించి, నవ్వుతూ, "కొసంతా దూర్సాలంటే యాడయితాదమ్మా, మడిసి దూర్సు, మల్ల లాగు" అన్నాడు. కొసను మధ్యకు మడిచి ఆ మడతను ఉచ్చులోకి తోస్తే ముందు జారుముడి పడుతుంది, ఆ తర్వాత మడతను పట్టుకుని కొసంతా ఇవతలికి వచ్చేదాకా లాగేస్తే అది గట్టిముడి అవుతుంది. మా ఊళ్లో ఆడామగా అందరికీ తెలిసిన పనే అది, నేను కూడా నేర్చుకున్నానన్న సంగతే మరిచిపోయాను.

ప్రోటీన్ అంటే పూసలు గుచ్చిన దండలాంటి పొడవాటి గొలుసు. అది తనంతట తానే ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది, ఆ ఆకారం కుదిరితేనే ఒంట్లో దాని పని అది చేస్తుంది. మేం చదువుకున్నప్పుడు ఆ గొలుసులో ఎన్ని మడతలైనా ఉంటాయి గానీ ముడి పడదనే చెప్పేవారు. ఆ మాట తప్పని, రెండు కొసలూ పట్టి లాగినా విడిపోని అసలైన ముడి కొన్ని ప్రోటీన్లలో ఉందని మేం లెక్చరర్లయ్యాక వినబడసాగింది. చేతుల్లేని గొలుసు, అటూ ఇటూ ఊగులాడే తన కొసను అంత ఇరుకు ఉచ్చులోకి ఎలా దూర్చుకుంటుందో నాకు అంతుపట్టలేదు. ఒకరోజు గదిలో పలుపు చేతికి తగిలితే ఊరికే కిటికీ కమ్మీకి కడుతూ, మడిచి దూర్చగానే ఒళ్లు ఝల్లుమంది. గొలుసు కూడా ముందు మడతే దూర్చుకుంటుందేమో, కొస వెనకాల వస్తుందేమో! అన్నం వార్చుతున్న అక్కను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. నేనే లోకంలో మొదట కనిపెట్టానని అనుకోలేదు. ఇతర దేశాల్లో కంప్యూటర్ల మీద లెక్కలు కట్టినవాళ్లు ఇలాగే చెప్పారని తర్వాత చదివాను, అన్ని ముడులూ ఒకే తీరుగా పడవని కూడా చదివాను. కానీ మా గదిలో ఆ పూట అది నా ఆలోచనే.

బెంగళూరులో ఒక సదస్సు ఉందని, అక్కడ బాగా చెబితే పరిశోధనకు చేర్చుకుంటారని తెలిసి ఇద్దరం పేర్లిచ్చాం. అప్పటికే నాకు పెళ్లయి ఆ గది వదిలేసినా, పరిశోధన మీద ఆశ చంపుకోలేదు నేను. తీరా ఆ సమయానికి నాకు నెలలు నిండాయి, బస్సెక్కవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్కను ఇంటికి పిలిపించి, ఎక్కడ మడవాలో ఎప్పుడు లాగాలో నేర్పి, పలుపు ఆమె సంచిలో నేనే పెట్టాను. "ఇద్దరి పేర్లూ సెప్తాను పాపా, నీ తాడు నీకే తెచ్చిస్తా" అని నా తల నిమిరి పోయింది.

వచ్చేటప్పుడు ఉత్తచేతులతో వచ్చింది. బస్సు మారేటప్పుడు తాడు ఎక్కడో పడిపోయిందని, నా పేరు చెప్పినా వాళ్లు పట్టించుకోలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని నేనే ఆమెను ఓదార్చాను, పోనీలే అక్కా అని కాఫీ కూడా ఇప్పించాను. అక్కకు పరిశోధనకు పిలుపు వచ్చింది, బెంగళూరు పోయింది, పెద్దదయింది. నేను మదనపల్లెలోనే పాఠాలు చెబుతూ రిటైరయ్యాను. ప్రతి ఏడూ ప్రోటీన్ల పాఠం వచ్చినప్పుడు నైలాన్ తాడుతో ముడి వేసి చూపిస్తూ, దీన్ని పెద్ద సదస్సులో చెప్పింది మా అక్కే అని పిల్లలకు గొప్పగా చెప్పేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంటగా ఉంది.

వీడియో చూసిన ఆ ఆదివారం సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాను. సన్మానం బాగా జరిగిందట కదా అన్నాను. సంతోషపడింది. ఆ తాడు మాదే కదక్కా అన్నాను. "తాళ్లన్నీ ఒగటే మాదిరి ఉంటాయి కదా పాపా. ఇన్నేండ్ల తర్వాత యాల ఇప్పుడు ఆ మాటలు?" అంది. నీలం పీలిక సంగతి అడగలేదు నేను. అడిగితే దానికీ ఒక అబద్ధం చెబుతుందేమోనని భయమేసింది.

ఇప్పుడు మా పల్లెలో ఆవుల్ని వ్యాన్లలోకి ఎక్కించి పంపుతున్నారు, మెడలో ఉన్న తాడు ఎవరిదని ఎవరూ అడగడం లేదు, పలుపు విప్పి ఇచ్చే ఆనవాయితీ మా తరంతోనే పోయినట్టుంది. ఆ రోజుల్లో ముక్కూమొహం తెలియని బేరగాళ్లు కూడా తమ తాడు తాము తెచ్చుకునే మా వాకిట్లో అడుగుపెట్టేవారు. ఆవును తోలుకుపోయే ముందు పలుపు నాయన చేతిలో పెట్టి, వస్తామప్పా అని చెప్పి మరీ పోయేవారు. నా పక్కన పడుకుని, నా కంచంలో తిన్న మనిషి మాత్రం ఆవునూ తోలుకుపోయింది, పలుపునూ పట్టుకుపోయింది, పోతూ పోతూ మా నాయనను కూడా తన నాయనను చేసుకుంది.