రాజవ్వకు రెండో మైకు

1988. ఆదిలాబాద్‌లో ఒక రేడియో కేంద్రంలో రికార్డింగ్ ఇంజనీరుగా చేరి నాకు నాలుగు నెలలు. స్టూడియోలో వినిపించకూడని వాటి జాబితా రాసి తలుపుకు అంటించాను: ఫ్యాను, గాజులు, కుర్చీ కిర్రు, దగ్గు.

ఆ రోజు ఆడిషన్‌కు పోచమల్లు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. చెన్నూరు చుట్టుపక్కల ఆయన కథ ఉందంటే బండ్లు కట్టుకుని వస్తారు. ఆడిషన్ అంటే పది నిమిషాల టేపు విని, రేడియోకు పనికొస్తారో లేదో అధికారి తేల్చడం. తప్పితే మళ్లీ ఏడాది దాకా అవకాశం లేదు. దరఖాస్తులో వాద్య సహకారం అన్నచోట "మా రాజవ్వ" అని ఉంది.

"ఏం వాయిస్తుంది?" అన్నాను.

"ఏం వాయించది సారూ. ఊ కొడ్తది."

డెబ్బై ఏళ్ల రాజవ్వ ఒళ్లో బీడీల చేటతో వచ్చి కూర్చుంది. జాబితాలో ఐదోది 'ఊ' అని మనసులోనే చేర్చుకుని, ఆమెను అద్దానికి ఇవతల, నా కంట్రోల్ రూములో కూర్చోబెట్టాను. మాట్లాడవద్దన్నాను.

పోచమల్లు రెండు వాక్యాలు చెప్పి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. మూడోసారికి చెమటలు పట్టాయి.

"అవ్వ పండుకున్నట్టున్నది సారూ."

"ఎదురుగానే ఉంది కదయ్యా!"

"ఊ అంటలేదు గద!"

"నువ్వే గద బిడ్డా నోరు మూసుకొమ్మన్నవ్," అని రాజవ్వ నన్ను గద్దించింది. "పోరడు పరేషానైతుండు, చూడు."

నేను లోపలికి వెళ్లాను. పోచమల్లు మొహం తుడుచుకుంటూ చెప్పాడు: "నాకు నాలుగేండ్లప్పుడు కన్నోళ్లు ఇద్దరు పోయిండ్రు సారూ. గీమె నాకు చుట్టం గూడ కాదు, తీస్కపోయి సాదింది. నేను ఎవలితోని మాట్లాడకపోతుంటి. బీడీలు చేసుకుంట కథ చెప్పి, నడుమ ఆపి, 'ఇగ నువ్వు చెప్పురా' అనేది. ఒక్క ముక్క చెప్తె ఊ అన్నది. గా ఊ కోసమే చెప్పుడు నేర్చిన."

నాకు ఒక ఉపాయం తట్టింది. రాజవ్వ ముందు మైకు పెట్టి, ఆ శబ్దం పోచమల్లు హెడ్‌ఫోన్‌లోకి మాత్రమే వెళ్లేలా కలిపాను. టేపు మీదికి రాదు. ఈసారి పది నిమిషాలూ తడబడకుండా చెప్పాడు. నా తెలివికి నేనే మురిసిపోయి టేపు వినిపించాను.

ప్రతి వాక్యం చివరా ఒక గుంట. శబ్దం స్థాయిని చూపే వీయూ మీటర్ ముల్లు అక్కడల్లా కిందికి పడిపోతోంది. హాస్యం వచ్చినచోట మరీ వెలితి.

"ఎవలు లేని ఇంట్ల మాట్లాడినట్టున్నది," అంది రాజవ్వ.

స్టూడియో మాకిచ్చిన సమయంలో ఇంకా అరగంట మిగిలింది. ఆమెను లోపలికి తీసుకెళ్లి, ఆయన పక్కనే రెండో మైకు పెట్టాను. అప్పుడు విన్నాను: భయపడే ఊ, తొందరపెట్టే ఊ, ఒకచోట "ఊఁ, కోతలు కొయ్యకు!" కథ దానికి జవాబు చెబుతూ ఇంకో మలుపు తిరిగింది.

మర్నాడు అధికారి టేపు విన్నారు. "ఆ ముసలమ్మ ఎవరయ్యా?" అన్నారు. రాజవ్వ సంగతి చెప్పాను. "ఆమె లేకుండా ఈయన్ని పిలవకండి," అని నవ్వుతూ సంతకం పెట్టారు.

ఇప్పుడు ఎవరు కథ చెప్పడానికి వచ్చినా "ఎవరికి చెబుతారు?" అని ముందు అడుగుతాను. ఆ మనిషికి కుర్చీ వేయించాకే మైకు ముట్టుకుంటాను.