మూడంగుళాలు వెనక్కి జరిపిన సీటు

నాకు భయం ఎక్కువ. అంగడికి తాళం వేసి ఇంటిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి తాళాన్ని లాగి చూసే రకం. చింతామణిలో సీట్ల పని చేస్తాను. లారీల సీట్లు, బస్సుల సీట్లు, పెళ్ళిళ్ళకు ముందు కార్లకు కొత్త కవర్లు. ఎన్నేళ్ళు చేసినా, బండి గేటు దాటగానే ఏ కుట్టు వదిలిందో, ఏ బోల్టు ఊడిందోనని గుబులు పట్టుకుంటుంది. నా భార్య దీన్ని జబ్బు అంటుంది. నేను జాగ్రత్త అంటాను.

ఆ పాత స్పోర్ట్స్ కారు వచ్చినప్పుడు మాత్రం ఆ గుబులు ముందే మొదలయింది. రెండే సీట్లున్న ఎర్ర కారు, నేలను రాసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. తెచ్చినాయన బాగేపల్లి హైస్కూల్లో మేష్ట్రుగా చేసి రిటైరయినవాడు. వాళ్ళన్న ముచ్చటపడి వాడుకున్న కారు, అన్న పోయాక ఈయన చేతికి వచ్చింది. మనిషి ఆరడుగులు దాటిన పొడవు. పైగా మిట్టేమరి దగ్గర తన పొలంలో ట్రాక్టరు మీద నుంచి పడి కుడి తొడ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు పూర్తిగా మడతపడదు. కాలు కూడా ఒక అంగుళం పొట్టిదయింది. అందుకని కుడి బూటు అడుగున అంగుళం మందం రబ్బరు వేయించుకున్నాడు.

"కాలు చాపుకునేకి జాగా కావల్లప్పా. మోకాలు పోయి స్టీరింగుకు తగులుతాండాది. మూడంగుళాలు వెనక్కి జరిపితే చాలు" అన్నాడు.

"కాలు బాగుండాదా సార్, బండి తోలేకి?" అని అడిగాను.

"నాకైతే బాగుండాది. ఇంట్లో ఆమెకే నమ్మకం లేదు. ఒక్కసారి ఏమన్నా అయిందంటే తాళంచెవి తన చేతికిచ్చేయల్లని మాట తీసుకునింది. నేనూ మాటిచ్చినా."

ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది. అంతవరకూ అది ఒక సీటు. ఆ తర్వాత ఆయన ఇంటి తగవు మొత్తం నా సీటు మీద కూర్చున్నట్టయింది.

పాత సీటు విప్పితే లోపల కొబ్బరి పీచు పొడి పొడిగా రాలింది. సీటును ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు తుప్పుపట్టి పట్టు తప్పి ఉన్నాయి. వాటిని నమ్మలేక తీసేశాను. సీటును నేలకే నేరుగా బిగించాలని తేల్చుకున్నాను. నేల రేకూ పలచబడింది కాబట్టి అడుగున ఇనుప పట్టీలు వేసి, లారీకి వాడే బోల్టులు వాడాను. వీపు దగ్గర స్పాంజి పలచగా కోసి, వెనక గోడకు సీటు ఆనేదాకా జరిపితే మూడంగుళాలు దొరికాయి. ప్రతి బోల్టునూ బిగించి, తిరిగి బిగించి, టీ తాగి వచ్చి మళ్ళీ ఒకసారి బిగించాను.

బిగించే ముందు కొలత కోసం మేష్ట్రును పిలిపించాను. అంగడి నిండా రెగ్జిన్ పరిచి ఉంటుంది కాబట్టి ఆయన గడప దగ్గరే వంగి బూట్లు విప్పబోయాడు.

"విప్పొద్దు సార్. బండి తోలేటప్పుడు ఎట్ల ఉంటారో అట్లనే కూచోండి. లేకుంటే కొలత తప్పిపోతుంది" అన్నాను.

బూట్లతోనే కూర్చోబెట్టి, బ్రేకు చివరిదాకా తొక్కించి, ఆ కాలికి సరిపోయేలా గుర్తు పెట్టుకున్నాను. అంత తెలివిగా కొలిచానని ఆ రోజంతా నా మీద నాకు ముచ్చటగా ఉండింది. ఇంత గర్వం ఎప్పుడు వచ్చినా నాకు మంచి జరగలేదు.

కారు తీసుకుపోయే రోజు పొద్దున్నే వచ్చాడు. వీధి చివరిదాకా తోలి చూశాడు. కాలు హాయిగా చాపుకుని, మొహం నిండా నవ్వుతో తిరిగి వచ్చాడు. నా అంగడి నుంచి ఏ బండీ పూజ లేకుండా కదలదు. అది నేను పెట్టుకున్న కట్టుబాటు, నా భయానికి నేను వేసుకునే తాయెత్తు అనుకోండి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, టెంకాయ కొట్టాను, బానెట్టుకు బొట్లు పెట్టాను. ఆయన కాలి సంగతి తెలుసు కాబట్టి ఆ రోజు ఇంకాస్త భక్తి పెరిగింది. లోపలికి వంగి స్టీరింగుకూ, కింద మూడు పెడళ్ళకూ కూడా పసుపు రాసి కుంకుమ పెట్టాను. మేష్ట్రు బూట్లు గడప దగ్గర విడిచి కారు చుట్టూ తిరిగి దండం పెట్టుకున్నాడు. ఎక్కబోతూ పెడళ్ళ వైపు చూసి ఆగాడు.

"పసుపు కుంకుమ పెట్టినావు. ఇంగ బూటుకాల్తో యాడ తొక్కేది" అన్నాడు.

వట్టి కాళ్ళతో ఎక్కి కూర్చున్నాడు. ఎంత పద్ధతైన మనిషి అని మనసులో మెచ్చుకుంటూ నేను నిలబడ్డాను. నిమ్మకాయలు చిట్లాయి, కారు వీధి మలుపు తిరిగింది.

అరగంట తర్వాత నా భార్య టీ తీసుకొచ్చి, గడప దగ్గర ఆగింది.

"ఇవి ఎవరివి, ఇక్కడ విడిచిపెట్టి పోయిండారు?"

చూశాను. నల్ల బూట్లు. కుడిదానికి అంగుళం మందం రబ్బరు. టీ గ్లాసు చేతిలోకి తీసుకోలేకపోయాను. ఎడమ కాలు సరిపడా పొడవుంది, కాబట్టి క్లచ్చుతో ఇబ్బంది ఉండదు. మెల్లగా పోయేటప్పుడు బ్రేకు సగం తొక్కితే చాలు, కాబట్టి అప్పుడు లోపం తెలియదు. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడే ఆ అంగుళం కావాలి. ఆ అంగుళం నా గడప దగ్గర ఉంది.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

"తోల్తాంటే ఫోను ఎత్తకపోవడం మంచిదే కదా" అంది నా భార్య. మంచిదే. ఎత్తితే ఇంకా భయం.

బూట్లు సంచిలో వేసుకుని నా బైకు తీశాను. శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరి, అక్కడ నుంచి పెద్ద హైవే మీద బాగేపల్లికి పోతానని పొద్దున ఉత్సాహంగా చెప్పాడు. హైవే ఎక్కేలోపల పట్టుకోవాలి. దారిలో కనిపించిన ప్రతి గుడికీ ఒక టెంకాయ మొక్కుకున్నాను. ఒకచోట జనం గుంపుగా రోడ్డు మీదికి వంగి చూస్తుంటే బండి పక్కకు ఆపేశాను. దగ్గరికి పోతే లారీ నుంచి జారిపడిన టమాటాలు ఏరుకుంటున్నారు. వాళ్ళ మీద నాకు ఎందుకో పట్టరాని కోపం వచ్చింది. టమాటాలకు అంత వంగి చూడాలా అని మనసులో తిట్టుకుంటూ పోయాను.

శిడ్లఘట్ట దాటాక, మల్బరీ తోటల పక్కన ఎర్ర కారు నిలబడి ఉంది. నా చూపు ముందు దాని బానెట్టు మీదికి పోయింది. సొట్ట లేదు. మేష్ట్రు తలుపు తెరిచి, పసుపంటిన పాదాలు మట్టిలో పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి రంగు మారిపోయింది.

"మోపెడ్డు మీద ఆకు మూటలేసుకొని ఒకాయన అడ్డమొచ్చినాడప్పా. బ్రేకు తొక్కితే సగం పోయింది, ఆపైన పోలే. ఎంత నూకినా పోలే. హ్యాండ్ బ్రేకు లాగితే ఇంత దూరంలో నిలిచింది" అని జానెడు చూపించాడు.

"ఆయనకేమన్నా అయిందా?"

"ఏమీ కాలే. తిట్టి పోయినాడు." కుడి తొడ మీద అరచెయ్యి ఆనించాడు. "కాలు సచ్చిపోయిండాది. తొక్కమంటే తొక్కలే. ఆమెకు ముందే తెలుసు, నేనే ఒప్పుకోలే. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేసినా, వచ్చి తాళంచెవి ఇచ్చేస్తానని. నువ్వు ఫోన్ చేసిండేది చూసినా. మాట్లాడేకి మనసు రాలే."

సంచి నా భుజానే ఉంది. ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన మాట ఒకటి రాయాలి. ఒక నిమిషం పాటు నేను నోరు తెరవలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన కారు పక్కన పెట్టేస్తాడు. సీటు బిగించినవాడే పెడళ్ళకు కుంకుమ పెట్టి బూట్లు విప్పించాడని నా దగ్గరికి వచ్చే ఏ డ్రైవరుకూ తెలియదు, నా అంగడి పేరు చెడదు. బోల్టుల కోసం అన్ని రోజులు భయపడ్డవాణ్ణి, అవి కదలకుండా ఉన్నందుకు సంతోషించి ఇంటికి పోవచ్చు. ఇదంతా ఆ ఒక్క నిమిషంలో లెక్క వేసుకున్నాను. ఆయన మాత్రం ఇంకా ఆ తొడను, తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసుకుంటున్నాడు.

"కాలు కాదు సార్" అన్నాను. "తప్పు నాది."

సంచి విప్పి, మట్టిలో కూర్చుని, కుడి బూటు నేనే ఆయన కాలికి తొడిగాను. లోపలికి తిరిగి కూర్చుని తొక్కమన్నాను. పెడలు చివరిదాకా పోయింది. ఆయన నమ్మలేనట్టు మళ్ళీ తొక్కాడు. బూటు విప్పి తొక్కాడు, సగంలో ఆగింది. తొడుక్కుని తొక్కాడు. నేను జరిగిందంతా చెప్పాను, బూట్లతో కొలిచింది, కుంకుమ పెట్టింది, వట్టి కాళ్ళతో ఎక్కుతుంటే చూస్తూ మెచ్చుకున్నది. తిడతాడని తల వంచుకుని ఉన్నాను.

"అయితే నా కాలు బాగుండాదా?" అని అడిగాడు.

"బాగుండాది సార్."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోను తీసి, నంబరు నొక్కి, నా చేతికిచ్చాడు. "ఆమెకు నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు."

అవతల ఆమె గొంతు వినిపించింది. సీట్ల పనివాణ్ణని చెప్పుకుని, సార్ కాలికేమీ కాలేదని, నా కొలత వల్ల, నా పూజ వల్ల ఇట్లా జరిగిందని ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను.

"నిజంగానే చెప్తాండావాప్పా" అంది ఆమె, "లేకుంటే ఆయన పక్కన నిలబడి చెప్పిస్తాండాడా?"

నిమిషం ముందు దాచేద్దామనుకున్న తప్పును, నాదేనమ్మా, నాదేనని ఆ రోడ్డు మీద నిలబడి నా పిల్లల మీద ఒట్టు పెట్టి నమ్మించాల్సి వచ్చింది.