పసుపు తిరిగిన నీళ్లు

ఇందిర టీచర్ పొద్దున్నే సత్తెనపల్లిలో బస్సెక్కి, గంట ప్రయాణం చేసి ఒక పల్లెటూరి హైస్కూలు ముందు దిగేది. పంతొమ్మిదేళ్లుగా పై తరగతులకే సైన్సు చెప్పింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూల్లో కలిపాక చిన్నపిల్లలూ ఆమె వంతుకొచ్చారు. పదో తరగతికి కటకాలు చెప్పి, బెల్లు కొట్టగానే మూడో తరగతికెళ్లి ఆవు ఏం తింటుందో చెప్పాలి. మొదట్లో విసుక్కుంది. తర్వాత ఆ చిన్నవాళ్లే ఎక్కువ నచ్చారు. అడగడం ఆలస్యం, ఎగబడి జవాబు చెప్పేవాళ్లు.

పళ్ల పాఠం రోజు మూడో తరగతిలో అందరినీ నోళ్లు తెరవమంది. ముప్పై ఒక్కమందిలో ఇరవైమందికి పళ్లమీద గోధుమరంగు చారలు. తోమక వచ్చినవి కావు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేవి. బోరునీళ్లలో ఆ జబ్బుందని ఊరందరికీ తెలుసు. అందుకే సర్పంచి బావమరిది శ్రీహరి ఫిల్టర్ ప్లాంటు పెట్టాడు. అది పెట్టి పదేళ్లయింది. ఈ పిల్లలు పుట్టినప్పటినుంచీ ఆ ప్లాంటు టిన్నుల నీళ్లే తాగుతున్నారు. మరి ఈ చారలెక్కడివి?

నీళ్లు పరీక్షించే మందు గుంటూరు నుంచి తెప్పించి, ఎనిమిదో తరగతి చేత ప్రయోగం చేయించింది. మందు చుక్కలు వేశాక గులాబిరంగు నిలిస్తే నీళ్లు మంచివి, పసుపు తిరిగితే కాదు. వాన నీళ్లు గులాబిగా నిలిచాయి. బోరునీళ్లు పసుపు తిరిగాయి. ప్లాంటు నీళ్లూ అంతే. ప్రత్యూష అనే పిల్ల అన్నీ పట్టికగా రాసుకుంది. సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది.

మర్నాడు శ్రీహరి నలుగురిని వెంటేసుకుని బడికొచ్చాడు. వాళ్లలో ప్రత్యూష నాన్న కోటయ్య కూడా ఉన్నాడు.

"ఏందమ్మా, పాఠాలు చెప్పుకోమంటే పంచాయితీలు పెడతన్నావంటగా?"

"నేనేం పెట్టలేదండీ. కావాలంటే మీ ముందే మళ్లీ చేసి చూపిస్తాను."

"చానా చూశాంలే ఇట్టాంటివి."

ఆమె కోటయ్య వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. మీ అమ్మాయి పళ్లు చూడలేదా?"

కోటయ్య తలెత్తలేదు. "రేపు ఏ సంతకం కావాల్సొచ్చినా వీళ్ల గడపే తొక్కాల టీచరమ్మా. మా పిల్ల పళ్లు మేం చూసుకుంటాంలే."

వారం తిరక్కుండా సంజాయిషీ అడుగుతూ విద్యాశాఖ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. హెడ్మాస్టరు మస్తాన్‌రావు దాన్ని ఆమె ముందు పెట్టాడు. "మందు పాతదని రాసెయ్యమ్మా. లేదంటే మాచర్ల అవతల ఎక్కడికో వేస్తారు. ఆ మనిషిని ఇంట్లో పెట్టుకుని రోజూ అంతదూరం ఎట్టా తిరుగుతావు?"

ఆ మనిషి ఆమె భర్త. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. ఇందిర ఇంకేమీ అడక్కుండా రాసి సంతకం చేసింది.

అది చాలలేదు. పిల్లలందరి ముందూ చెప్పాలన్నారు శ్రీహరి వాళ్లు. సోమవారం ప్రేయర్‌లో నిలబడి, "మొన్న మనం చేసిన పరీక్ష తప్పు. మందు కాలం చెల్లింది" అంది.

వరసలోంచి ప్రత్యూష చెయ్యెత్తింది. "సీసా మీద తేదీ నేను రాసుకున్నాను టీచర్. ఇంకా ఏడాది ఉంది."

"నోరు మూసుకో."

ఇన్నేళ్లలో ఒక పిల్లనీ అంత మాట అని ఎరగదు. ప్రత్యూష చెయ్యి దించేసింది. ఏడవలేదు. ఆ పట్టిక కొట్టెయ్యమంటే, స్కేలు పెట్టి తిన్నగా గీత గీసి నోటుబుక్కు మూసింది. ఆ తర్వాత క్లాసులో ఎప్పుడూ ఏమీ అడగలేదు. మార్కులు మాత్రం బాగానే వచ్చేవి.

బదిలీ తప్పింది. ప్లాంటు ముందు టిన్నుల వరస ఎప్పట్లాగే ఉంది. బస్సు దిగి దాన్ని దాటుకుంటూనే ఇందిర బడికెళ్లేది.

దసరా సెలవులయ్యాక ఒకరోజు మూడో తరగతిలో పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేసి చూపించింది. కాగితం ఎర్రబడింది.

"ఏ రంగు వచ్చింది?"

ఎవరూ పలకలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి ఒక పాప మెల్లగా అడిగింది.

"ఏ రంగని రాయమంటారు టీచర్?"

ఇందిర బోర్డు వైపు తిరిగి 'ఎరుపు' అని రాసింది. పిల్లలు తలలు వంచి పుస్తకాల్లో ఎక్కించుకున్నారు.