మేకుకు వేలాడిన టేపు

మా కుట్టుకొట్టులో కాజాల అక్క దారాన్ని పళ్ళతోనే తెంపుతుంది, పక్కనే చిన్న కత్తెర ఉన్నా సరే. ఇరవై మూడేళ్ళుగా కాజాలు కుట్టీ, బొత్తాలు వేసీ, అంచులు మడిచీ ఆవిడ ముందుపన్ను ఒకటి గాడిపడిపోయింది గాని, కత్తెర మాత్రం ముట్టుకోలేదు. కారణం అడిగితే ఒకటే కథ. చేరిన కొత్తలో దారం కత్తిరించబోయి ఎవరిదో చొక్కా జేబు పక్కన గాటు పెట్టిందట. ఆ ఆసామి నలుగురిలో నిలబెట్టి కడిగేశాడట. "ఆ రోజు నుంచి కత్తెర చప్పుడు వింటే పారిపోవాలనిపిస్తుందే" అనేది.

నేను ఇస్త్రీ బల్ల దగ్గర మనిషిని. నా నోటికి తాళం లేదని కొట్టంతా ఎరుగుదురు. "చాల్లే సంబడం! పదకొండేళ్ళలో నేను కాల్చనిది ఏముంది? ఎవరైనా ఉరి తీశారా?" అని వెక్కిరించేదాన్ని. అక్క నవ్వి ఊరుకునేది.

అలాంటి మనిషి నెత్తిన ఒకే నెలలో రెండు పిడుగులు పడ్డాయి. మాస్టారికి కళ్ళల్లో శుక్లాలు ముదిరాయి. ఒక కన్నుకి ఆపరేషన్ చేసి కట్టు కట్టారు, రెండో దాంట్లో అంతా మసకే. కొట్టు ఆయనదే, కత్తెర పని కూడా ఆయన ఒక్కడిదే. ఇక రెండో పిడుగు, మాస్టారు కొనబోతున్న కాజాల మెషిను. అక్క పొద్దంతా కూచుని కుట్టే కాజాలు అది మనం టీ తాగి వచ్చేలోపు కుట్టి పారేస్తుందట. మాస్టారు మనసులో ఏదీ దాచుకునే రకం కాదు.

"చూడమ్మా, మెషినొచ్చాక కాజాలకి మనిషి అక్కర్లేదు. కటింగుకి కావాలి. నేర్చుకున్నావా, ఈ బల్ల నీది. నావల్ల కాదన్నావా, బయటినుంచి ఇంకొకర్ని తెచ్చుకోవాలి. అప్పుడు నిన్ను ఉంచుకోలేను."

అక్క సరేనంది. ఆవిడ ఎవరికైనా సరే అనడం తప్ప ఇంకోటి అనగా నేను వినలేదు. కానీ ఆ సాయంత్రం నా పక్కన నిలబడి, "కాజాలు తప్ప నాకేం వచ్చునే? ఈ కొట్టు పోతే ఎక్కడికి పోను?" అంది.

మూడు వారాలు పాత పేపర్ల మీద నేర్చుకుంది. మాస్టారు కుర్చీలో కూచుని, "పది దగ్గర గుర్తు పెట్టు. ఇప్పుడు పద్నాలుగు దగ్గర గీత గియ్యి" అని చెప్పేవారు. గోడ మేకుకు వేలాడే టేపు తీసి ఆయన చెప్పింది చెప్పినట్టు అక్క గీసేది. కాగితం ముక్కల్ని మాస్టారు వేళ్ళతో తడిమి, "బాగుంది" అనేవారు. కాగితం కొయ్యడం వచ్చింది గాని భయం పోలేదు. రాత్రి కలలో కత్తెర దానంతటదే నడుచుకుంటూ పోతోందని, ఆపబోతే వేళ్ళు రావడం లేదని చెప్పేది. అన్నం సయించక మనిషి సగమైంది.

శుక్రవారం టీచరమ్మ వచ్చింది. సంచిలోంచి నీలం గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. వాళ్ళమ్మ ముచ్చటపడి కొనుక్కుని, కుట్టించుకోకుండానే పోయిందట.

"సోమవారం బళ్ళో సభ ఉంది, నేను మాట్లాడాలి. అమ్మ గుడ్డతో కుర్తా కుట్టించుకుని నిలబడదామని. ఇది మళ్ళీ దొరకదండీ. తప్పు జరిగితే నేనేం చెయ్యలేను."

"మా అక్క కోస్తుందమ్మా. కొలతలూ లెక్కా అన్నీ తనే" అన్నారు మాస్టారు.

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్క కూతురు ఆ పొద్దున్నే కొత్త టేపు కొనిచ్చి, "అమ్మా, ఇది నీ సొంతం" అందట. చేతిసంచిలోంచి దాన్ని తీసి టీచరమ్మ కొలతలు రాసుకుంది. రాసిన అంకెలు రెండుసార్లు సరిచూసుకుంది.

టీచరమ్మ వెళ్ళాక గుడ్డ మడతలు వేసి సరిచేసింది. అప్పుడేమనుకుందో, కొత్త టేపు పక్కన పెట్టి మేకుకున్న పాతది అందుకుంది. "మాస్టారి చెయ్యి తగిలిన టేపు, కాస్త ధైర్యంగా ఉంటుంది" అని నాతో గొణిగింది. సుద్దతో గీతలు గీసింది. పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుంది. అక్కడ ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"ముందు భాగంలో సగానికి తొమ్మిదంగుళాలు పెట్టాను మాస్టారూ."

"కొలత ప్రకారం తొమ్మిదేగా. కొయ్యి."

కత్తెర నోరు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. అక్క మెడ మీద చెమట కారుతోంది. నాకు చిరాకెత్తింది. "ఇంకెంతసేపక్కా? మెషినొచ్చి కూచునేదాకానా? భయపడేవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉంటారు. కళ్ళు మూసుకుని కోసెయ్!" అని ఇస్త్రీపెట్టె దించి మరీ అరిచాను. ఉచిత సలహాలకేం, నోరున్నవాళ్ళందరూ ఇస్తారు.

అక్క నా వైపు చూడలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి సుద్దగీత మీద ఆనించింది. కాజాకీ కాజాకీ మధ్య ఎడం ఆవిడ టేపుతో కొలవదు. నాలుగు వేళ్ళు వేస్తే మూడంగుళాలు, అంతే. ఇరవై మూడేళ్ళ లెక్క. ఒకసారి, రెండుసార్లు వేళ్ళు పట్టాయి. మూడోసారి చిటికెన వేలు గీత దాటి బయటికొచ్చింది.

మళ్ళీ మొదటినుంచి పెట్టి చూసింది. మళ్ళీ దాటింది.

"కొయ్యవేమ్మా?" మాస్టారి గొంతులో విసుగు.

"కొయ్యను."

కొట్టులో మెషిన్లు ఆగిపోయాయి. ఆ మాట అక్క నోట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. "తప్పుంటే తిట్టండి మాస్టారూ, పొమ్మంటే పోతాను. కానీ మీ టేపు... మీ టేపు తప్పు" అంది, ఏడుపు గొంతుతో.

కొత్త టేపు తెచ్చి పాతదాని పక్కన పరిచింది. కొత్త టేపు ఒకటి నుంచి మొదలైతే, పాతదాని ఇత్తడి క్లిప్పు పక్కన కనబడే మొదటి అంకె రెండు. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కలో ఒక అంగుళం తక్కువ. కోసి ఉంటే టీచరమ్మ ఒంటికి నాలుగంగుళాలు తక్కువ పడేది.

మాస్టారు తల పట్టుకున్నారు. "అయ్యో, ఎంత పని జరిగేది! దానికి అంగుళం తక్కువమ్మా. గుడ్డ మీద పెట్టేటప్పుడు నేనెప్పుడూ ఒకటి కలిపే చెప్తాను, ఒంటి కొలత రాసేటప్పుడు ఒకటి తీసే రాస్తాను. చేతికి అలవాటైపోయి నీకు చెప్పనేలేదు."

"ఎప్పట్నుంచి మాస్టారూ?"

"పదకొండేళ్ళు."

"అంగుళం ఎలా పోయింది?"

మాస్టారు కట్టు కట్టిన ముఖాన్ని మెల్లగా ఇస్త్రీ బల్ల వైపు తిప్పారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే స్థితి నాది. చేరిన రెండో నెలలో వేడి పెట్టె కింద ఆ టేపు కొస పడింది. కాలిన అంగుళాన్ని కత్తిరించి, ఇత్తడి క్లిప్పు ఊడదీసి మళ్ళీ బిగించి, మేకుకు తగిలించేశాను. ఒక వారం నిద్రలేదు. ఎవరూ అడగలేదు. తర్వాత మరిచిపోయాను. మరిచిపోవడమేంటి నా మొహం, ఆ మేకు వైపు చూడటం మానేశాను.

నేనై చెప్పుకోవాల్సిన పని లేదు, ఎవరూ నా పేరెత్తలేదు. తాళం లేదన్న నోటికి ఆ రోజు తాళం పడింది. బల్ల దగ్గర నిలబడ్డ అక్కని చూశాను. ఆవిడకన్నా ఎక్కువ భయపడుతున్నది నేనే.

"నేనే కాల్చాను మాస్టారూ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను.

"మర్నాడే తెలిసిందమ్మా. కాలిన వాసన దాగుతుందా?"

"మరి తిట్టలేదేం?"

"నువ్వొచ్చి చెప్పాక తిడదామని ఆగాను" అన్నారాయన.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నేను ముఖం కొంగులో దాచుకుని భోరుమన్నాను.

అక్క నా దగ్గరికి వచ్చి వీపు నిమిరింది. తర్వాత పాత గీతలు దులిపేసి, కొత్త టేపుతో మళ్ళీ గీసింది. నాలుగు వేళ్ళు మూడుసార్లు పెట్టి చూసుకుంది. "అమ్మాయ్, గుడ్డ కదలకుండా అటు కొస పట్టుకో" అంది.

పట్టుకున్నాను. కత్తెర కరకరమంటూ నా వైపు వచ్చింది. అక్క పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు గీత మీదే ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు.