కాసిమీరోకి పన్నెండు పాదాలు

మీరు దోన్యా ఎర్మీనియాని కలిసి తీరాలి. మెక్సికోలో మా అత్లీస్కో ఊరికి ఎందుకొచ్చినా సరే, బంతి తోటల కోసం వచ్చినా, అగ్నిపర్వతం మీద పొగ ఫోటో తీసుకోడానికి వచ్చినా, పొద్దున్నే మా బజారు వెనక గేటు దగ్గరికి ఒక్కసారి రండి. మొక్కజొన్న మర చప్పుడు వినబడుతుంది. బకెట్లతో ఆడవాళ్ళ వరస ఉంటుంది. ఆ వరస చివర, మోచేతుల దాకా తడిపిండితో, మర చప్పుడుని మించి అరుస్తూ, ఆ మర నడిపే ఒకావిడ ఎవరినో ఏడిపిస్తూ ఉంటుంది. ఆవిడే.

నేను ప్యూబ్లా నగరంలో సాహిత్యం చదివాను. కొత్త కవిత్వం మీద పెద్ద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఊరికి తిరిగొచ్చి సాంస్కృతిక భవనంలో గురువారం సాయంత్రాలు కవితల కూటమి మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు వస్తారు, ఫోన్లలో రాసుకున్నవి చదువుతారు. దోన్యా ఎర్మీనియా కూడా వస్తుంది, వెనక కుర్చీలో కూర్చుని అన్నీ వింటుంది. ఒక కుర్రాడు ఆఖరి బస్సు గురించి రాసిన కవిత నచ్చి, అడిగి తీసుకెళ్ళి మర మోటారు పైన గోడకి అంటించుకుంది.

"మీ అందరివీ బాగుంటాయి అమ్మాయ్, కాకపోతే ఎవరి గురించి రాశారో తెలీదు," అందొకసారి. "నేను రాసినదానికి మర్నాడు ఎవరో ఒకళ్ళు తగువుకొస్తారు. అప్పుడు చేరిందని తెలుస్తుంది."

ఆవిడ రాసేవి పుర్రె పద్యాలు. దేశమంతా రాస్తారు, బళ్ళో పిల్లలు రాస్తారు, పత్రికలు మంత్రుల మీద రాస్తాయి. చచ్చినవాళ్ళ పండగ ముందు, బతికున్నవాళ్ళ మీద. బక్కమ్మ వస్తుంది, అంటే చావన్నమాట. వచ్చి మీ షాపులో మీ ఎదురుగా నిలబడుతుంది. మీకున్న పిచ్చి ఏదో దాంతోనే మిమ్మల్ని పట్టి సమాధుల్లోకి లాక్కుపోతుంది. నా మీద రాసింది చూడండి:

పుస్తకాల పిల్ల కోసం
బక్కమ్మ తలుపు తట్టె
ఒక్క పేజీ ఆగమంటే
పేజీలోనే మూట గట్టె

ఇది గేటు పక్క గోడ మీద, మాంసం చుట్టే కాగితం మీద, లావు అక్షరాలతో అంటించి ఉంటే నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. నా వ్యాసం అచ్చయినప్పుడు కూడా అంత పడలేదు. ఆ ఏడాదే నేను నిజంగా ఆ బజారుకి సొంత మనిషినయ్యాను.

దీనికి పద్ధతి ఉంది. బక్కమ్మ వచ్చిందంటే తీసుకెళ్ళాల్సిందే, ఎవరినీ వదలకూడదు. బజారులో ఏ షాపునీ మర్చిపోకూడదు. ఇంట్లో చావు జరిగినవాళ్ళ మీద, మంచాన పడ్డవాళ్ళ మీద మాత్రం రాయకూడదు. అందుకే గోడ మీద మీ పేరు లేకపోతే అది దయ కింద లెక్క కాదు. జనం మీ వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇక దోన్ కాసిమీరో, అంటే కాసిమీరో గారి గురించి చెప్పాలి. మరకి ఎదురుగా ఆయన సెలూన్. ఎర్మీనియా కొడుకుని బాప్తిస్మం నాడు చేతుల్లో పట్టుకున్నది ఆయనే. అప్పట్నుంచీ ఒకరినొకరు కొమాద్రే, కొంపాద్రే అని పిలుచుకుంటారు. ఎంత తిట్టుకున్నా తెగని చుట్టరికం అది. ఆయన గెడ్డం గీస్తూ చెప్పే కబుర్లకి సబ్బు నురగ మొహం మీదే ఆరిపోయి వెళ్ళినవాళ్ళున్నారు. పద్యాల విషయంలో మాత్రం బజారు మొత్తానికీ ఆయన చెవే చెవి. ఒక పాదం కుంటితే చాలు, దువ్వెన పట్టుకుని రోడ్డు దాటి వచ్చి చెప్పిపోతాడు.

పోయినేడాది అక్టోబర్ మధ్యలో ఆయన అలాగే వచ్చాడు. నేను మా అమ్మ బకెట్‌తో వరసలో ఉన్నాను. మనిషి సగమయ్యాడు. బెల్టుకి కొత్తగా చిల్లు పొడుచుకున్నాడు.

"కొమాద్రే, పోయినసారి నాకు నాలుగు పాదాలు, కసాయి వాడికి ఎనిమిదా?"

"వాడిలో మాంసం ఎక్కువ, కొంపాద్రే."

"ఈసారి నాకూ ఎనిమిది కావాలి. లేకపోతే నీ జుట్టు నువ్వే కత్తిరించుకో."

"నీ కత్తెర కంటే నా మరే నయం. అందులో తల పెట్టుకుంటాలే."

వరసంతా నవ్వింది. ఆయన వెళ్ళాక అందరూ తలలు దించి బకెట్లలోకి చూసుకున్నారు. ఎందుకంటే అప్పటికి మాకందరికీ తెలుసు. ఆయన పొట్టలో కంతి ఉంది. ప్యూబ్లా డాక్టరు ఆ మాట కూతురు నోయేమిని బయటికి పిలిచి చెప్పాడు. క్రిస్మస్ దాటితే గొప్ప అన్నాడు. నాన్నకి చెప్పొద్దని నోయేమి నిశ్చయించుకుంది, పుండు అని చెప్పింది. ఆ బరువు ఒక్కతే మోయలేక రొట్టెలావిడ దగ్గర ఏడ్చింది. మధ్యాహ్నానికల్లా బజారు బజారంతా ఆ రహస్యాన్ని కాపాడుతోంది.

రెండు రోజుల తర్వాత నోయేమి మర దగ్గరికి వచ్చింది. బకెట్ కింద పెట్టలేదు, చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"దోన్యా ఎర్మీ, ఈ ఏడాది మా నాన్న మీద రాయకండి."

ఎర్మీనియా మోటారు ఆపేసింది. అది చాలా అరుదు. "రాయకపోతే ఏమవుతుందో తెలుసా తల్లీ? గోడ ముందు నిలబడి తన పేరు వెతుక్కుంటాడు. కింద నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందకి. మంచాన పడ్డవాళ్ళని వదిలేస్తామని ఆయనకి తెలీదా? డాక్టరు చెప్పనిది నా గోడ చెబుతుంది."

"అయితే ఎవరికీ రాయకండి. చెయ్యి నొప్పని చెప్పండి."

"నేను రాసేది చేత్తో కాదని ఆయనకి తెలుసు."

"మీరు రాస్తే జనం నవ్వుతారు." నోయేమి బకెట్‌ని రెండో చేతిలోకి మార్చుకుంది. "మా నాన్న చావు గురించి, ఆయన ముందే, అందరూ నవ్వుతారు. వాళ్ళకీ తెలుసు, మీకూ తెలుసు. ఆయనొక్కడికే తెలీదు. నేనక్కడ నిలబడి చూడాలి. మీరు నా స్థానంలో ఉంటే?"

ఎర్మీనియా బకెట్ కోసం చెయ్యి చాపింది. నోయేమి పిండి ఆడించుకోకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత వారం ఆవిడ మిగతా అందరివీ రాసేసింది. చేపల వాడిని బక్కమ్మ ఐసు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళింది. తమాలే కుడుములావిడని ఆవిరి మీదే ఉడికించి ఆకులో చుట్టుకుపోయింది. కాసిమీరో ఒక్కడే మిగిలాడు. ఒక పొద్దున నన్ను పక్కకి లాగి, మర మోటారు దడదడకి తగ్గట్టు వేలితో బకెట్ మీద కొడుతూ చదివింది:

కాసిమీరో కుర్చీ చూసి
బక్కమ్మ కూర్చోలేదంట
ఇంకా జనం ఉన్నారనీ
మళ్ళెప్పుడో వస్తానంట

నేను కళ్ళు తుడుచుకున్నాను. "ఎంత బాగుందో, దోన్యా ఎర్మీ. నోయేమి కూడా ఏమనుకోదు."

ఆవిడ బకెట్ మీద కొట్టడం ఆపింది. "నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావంటే ఇది చెడిపోయినట్టే. పుర్రె పద్యానికి ఎవడైనా ఏడుస్తాడా? వచ్చిన బక్కమ్మ ఊరికే తిరిగి వెళ్ళడం ఈ బజారులో ఎప్పుడైనా విన్నావా? ఆయనా వినలేదు. రెండో పాదం దగ్గరే పసిగడతాడు."

ఆ కాగితం నలిపి జేబులో పెట్టుకుంది. నాకు ఆవిడ మీద ఉన్న అభిమానమంతా ఆ నిమిషంలో రెట్టింపయింది. మేం గురువారం కూటమిలో కవిత ఎవరిదో, గొంతు ఎవరిదో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఈవిడ మాత్రం వినబోయే ఒక్క మనిషి చెవి ఎలాంటిదో కొలిచి రాస్తోంది. దయ చూపించాలి, కానీ దయ ఎక్కడా వినబడకూడదు. ఏ తరగతిలో ఎవరు నేర్పగలరు ఇది?

నవంబర్ ఒకటి, మధ్యాహ్నం. బజారు మధ్యలో పూజాపీఠం అమర్చారు. బంతిపూల రాశులు, ధూపం, రొట్టెలు, మట్టి గిన్నెల్లో మోలే పులుసు, పోయినవాళ్ళ ఫోటోలు. గోడకి అంటించే ముందు అందరి పద్యాలూ అక్కడే చదువుతారు. కాసిమీరో కోటు వేసుకుని, తల దువ్వుకుని, కుర్చీ తెచ్చుకుని మరీ ముందు కూర్చున్నాడు. నోయేమి వెనక చిలకడదుంపల బస్తాల దగ్గర నిలబడింది, చేతులు కట్టుకుని.

ఎర్మీనియా ఆయన పద్యాన్ని ఆఖరికి పెట్టింది. కాగితం చూడకుండా, ఎప్పటి గొంతుతోనే చదివింది:

బక్కమ్మ వచ్చి కూర్చుంది
నెత్తి మీద జుట్టే లేదు
కాసిమీరో కబుర్లకు
అడ్డూ ఆపూ అంటూ లేదు

గీయడానికేమీ లేక
పుర్రెనే పాలిష్ చేశాడు
వాళ్ళ తాత ముచ్చట్లన్నీ
చెవి చిల్లులో పోశాడు

విసిగిపోయి లేచింది
కుర్చీతో సహా ఎత్తింది
ఇప్పుడు శ్మశానం నిండా
శవాల చెవుల్లో దూది

ఎవరూ నవ్వలేదు. చేపలవాడు తన బూట్ల వైపు చూస్తున్నాడు. రొట్టెలావిడ నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. అంతా పాడైపోయిందనుకున్నాను. పద్యం గట్టిగానే నిలబడింది, మేమే రహస్యాన్ని బయటపెట్టేస్తున్నాం.

అప్పుడు కాసిమీరో వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు.

"ఏంటర్రా, ఎవడైనా పోయాడా?"

అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. చేపలవాడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి దగ్గు పట్టుకుంది. కాసిమీరో చెయ్యెత్తి, "మళ్ళీ చదువు కొమాద్రే, ఆ దూది దగ్గర్నుంచి," అన్నాడు. ఆవిడ మళ్ళీ చదివింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. నేను తిరిగి చూసేసరికి దుంపల బస్తాల దగ్గర నోయేమి లేదు.

జనం చెదిరాక ఆయన ఆ కాగితం తనకే కావాలన్నాడు, గోడకి వేరే రాసి పెట్టుకోమన్నాడు. నేను పక్కనే పూలు ఏరుతున్నాను కాబట్టి విన్నాను.

"ఎనిమిది అడిగితే పన్నెండు ఇచ్చావే."

"కసాయివాడు కుళ్ళుకోవాలని."

"ఊఁ." కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. "వచ్చే ఏడాదికి ఏమీ దాచుకోకుండా అంతా ఇందులోనే పెట్టేసినట్టున్నావ్."

ఆవిడ పూజాపీఠం మీది పూలు సర్దడం మొదలుపెట్టింది. అంతమందిని ఏడిపించిన ఆవిడ తిరిగి ఒక్క చురకైనా వెయ్యకపోవడం నేను చూడటం అదొక్కసారే. మెత్తదనాన్ని పాదం పాదంలోంచీ ఏరి పారేసింది. కానీ ఆయనకిచ్చే ఆఖరి పద్యం కాబట్టి తన చేతిలో ఉన్న మంచిదంతా ఇవ్వకుండా ఉండలేకపోయింది. ఆయనకి అదే వినబడింది.

"నోయేమికి నాకు తెలీదనే ఉండనీ," అన్నాడాయన. "పాపం, ఎంత కష్టపడి దాస్తోందో."

కాగితాన్ని సెలూన్ అద్దానికి అంటించాడు. గెడ్డానికి వచ్చిన ప్రతివాడి చేతా గట్టిగా చదివించాడు. తప్పుగా చదివితే నురగ పూసి వదిలేసేవాడు. డిసెంబరంతా అలా నడిచింది. జనవరి రెండో వారంలో పోయాడు. అప్పటిదాకా కూతురు ఆయన దగ్గర పుండు అనే అంది, ఆయన సరే అనే అన్నాడు.

నోయేమి ఆ తర్వాత మా మర దగ్గరికి రాలేదు. బకెట్ ఎత్తుకుని నాలుగు వీధుల అవతల ఉన్న ఇంకో మరకి నడుస్తుంది, వానలో కూడా. దారిలో ఎదురైతే నాతో మామూలుగానే మాట్లాడుతుంది. "ఆవిడ పద్యం గెలిచింది," అంది ఒకసారి. "నేను నాన్న ముందు ఒక్కసారి ఏడవనన్నా ఏడవలేదు." సెలూన్ ఇప్పుడు వేరేవాళ్ళకి అద్దెకిచ్చింది. అద్దం మీద కాగితం మాత్రం తియ్యొద్దని చెప్పిందట.

ఆయన తనకి తెలుసన్నాడని నోయేమికి ఎందుకు చెప్పరని ఎర్మీనియాని అడిగాను. బకెట్‌లో నీళ్ళు పోస్తూ, "చెప్పొద్దన్నాడు కదా," అంది. ఆ మాట చెబితే నోయేమి రేపు పొద్దున్నే తిరిగొస్తుందని నాకనిపిస్తుంది, ఆవిడకీ అనిపిస్తుంది. కాసేపయ్యాక, "కొంపాద్రే పద్యంలో తొమ్మిదో పాదం ఇంకా కుదరలేదే అమ్మాయ్, వినడానికి కొంచెం ఖాళీగా ఉంది," అని మోటారు వేసింది.

నేను ఆవిడ పక్షమే, దాచడమెందుకు. అయినా నోయేమి ఆ బకెట్‌తో వానలో ఎదురైనప్పుడల్లా నా నమ్మకం కొంచెం కదులుతుంది. కూతురు వద్దంది, తండ్రి ఎనిమిది పాదాలు అడిగాడు, గోడ ఎదురుచూస్తోంది, కలం మీ చేతిలో ఉంది. మీరైతే ఏం చేసేవాళ్ళు?